డిశ్చార్జ్ సమ్మరీలో తప్పు పడ్డది, దిద్దించుకునేది ఎట్ల?

పరకాల పోరడు:
మా మేనత్త నిమ్ముతోని హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానల చేరి డిశ్చార్జ్ అయింది. సమ్మరీల "10-12 సంవత్సరాలుగా షుగర్" అని కొట్టిన్రు. షుగర్ బయటపడి పది నెలలే. ఇన్సూరెన్స్ తీసుకొని రెండేండ్లు దాటింది. బిల్లింగ్ కౌంటర్ల అడిగితే "ఒక్కసారి ప్రింట్ అయినంక మారది" అంటున్నరు. రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్, ఇంకా పెట్టలే. ఎవరిని అడగాలె, కాగితం మీద ఏం రాయాలె?

రికార్డు గది:
బిల్లింగ్ వాళ్లకు ఆ అధికారమే లేదు, వాళ్లతో వాదన దండగ. సమ్మరీ మీద సంతకం పెట్టిన కన్సల్టెంట్, మెడికల్ రికార్డ్స్ సెక్షన్ (అందరూ ఎమ్మార్డీ అంటరు) ఈ రెండు చోట్లనే పని అయితది.

అయితే సమ్మరీ పట్టుకొని ఉరకకండి. ముందు కేస్ షీట్ మొత్తం జిరాక్స్ తీసుకోండి. అడ్మిషన్ ఫారం, మొదటి రోజు డ్యూటీ డాక్టర్ రాసిన హిస్టరీ పేజీ, రోజువారీ నోట్స్, నర్సుల చార్టు, మందుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ. ఎందుకంటే సమ్మరీ అనేది అసలు రికార్డు కాదు, కేస్ షీట్ చూసి తయారుచేసే సారాంశం. తప్పు ఎక్కడ పుట్టిందో తెలియకుండా దిద్దమంటే ఆఖరి కాగితం ఒక్కటే మారుతది, లోపలిది అట్లనే ఉంటది.

కేస్ షీట్‌లో సరిగ్గ ఉండి సమ్మరీలో తప్పుంటే అది టైపింగ్ తప్పు. కన్సల్టెంట్ చూసి సంతకం పెడితే చాలు, చిన్న పని. కేస్ షీట్‌లోనే తప్పుంటే ఆ పేజీకి డాక్టర్ సవరణ నోట్ రాయాలె, ఆ తర్వాతనే సమ్మరీ మారాలె. ఇది కొంచెం ఆలస్యం.

దవాఖాన వాళ్లు కాపీ ఇచ్చేది లేదంటే ఒప్పుకోకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి 1.3.2 ప్రకారం పేషెంటో, పేషెంటు అధికారం ఇచ్చిన మనిషో అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇయ్యాలె. 2023లో కొత్త నియమాలు తెచ్చి వెంటనే పక్కన పెట్టిన్రు కాబట్టి ఇప్పటికీ 2002వే నడుస్తున్నయి. జిరాక్స్ ఖర్చు తీసుకుంటరు, అది మామూలే.

పరకాల పోరడు:
అత్తమ్మ రాలేదు, నేను పోతే ఇస్తరా అన్నా?

రికార్డు గది:
ఆమె సంతకంతో ఒక అధికార పత్రం, ఆమె ఆధార్ జిరాక్స్, నీ ఆధార్ జిరాక్స్. సంతకం అడ్మిషన్ ఫారం మీద ఎట్ల పెట్టిందో అట్లనే ఉండాలె. అక్కడ వేలిముద్ర వేసి ఇక్కడ సంతకం పెడితే ఆపుతరు. పేషెంట్ చనిపోయిన కేసుల్లో వారసులని చూపే కాగితం అడుగుతరు, పిల్లలైతే తల్లిదండ్రులు సరిపోతరు.

కాశిబుగ్గ:
ఇంత తిరుగుడు ఎందుకు తమ్మీ. టైపింగ్ చేసే పిల్లగానికి ఫైల్ అదే ఉంటది. రెండు అక్షరాలు మార్చి మళ్లీ ప్రింట్ కొట్టిస్తే అయిపాయె.

క్లెయిమ్ డెస్క్:
దయచేసి ఆ పని చేయకండి. దానివల్లనే మంచి క్లెయిములు పాడైతున్నయి.

బీమా కంపెనీ మీరిచ్చిన సమ్మరీ మీద ఆగదు. అనుమానం వస్తే మనిషిని పంపి ఎమ్మార్డీ నుంచి కేస్ షీట్ కాపీ తెప్పించుకుంటది. మీ చేతిల ఉన్న సమ్మరీ ఒకటి చెప్పి, లోపలి పేజీ ఇంకొకటి చెప్పి, మధ్యలో సవరణ జరిగిన ఆనవాలే లేకపోతే దాన్ని తప్పు అనరు, మోసం అంటరు. సిస్టంలో ఎవరు ఎప్పుడు ఫైల్ తెరిచి మార్చిన్రో లాగ్ ఉంటది.

మీ మేనత్త విషయంలో ఈ నెలల లెక్క ఎందుకు ముఖ్యమంటే: పాలసీ తీసుకున్న నాటికి ముందు 36 నెలల్లో నిర్ధారణ అయినదో, చికిత్స తీసుకున్నదో ఉంటే అది ముందే ఉన్న జబ్బు కిందికి వస్తది. పది నెలల కింద బయటపడితే పాలసీ తర్వాత వచ్చిన జబ్బు, చెప్పాల్సిన బాధ్యతే ఉండదు. 10-12 ఏండ్లు అని ఉంటే ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం నింపిన దరఖాస్తు) దాచిన్రు అంటరు. ఇక్కడ చికిత్స నిమ్ముకే అయినా సరే, దాచిన్రు అనే కారణంతో క్లెయిమ్ కొట్టేసి పాలసీ రద్దు దాకా పోతరు. 60 నెలలు ఆగకుండా నడిచిన పాలసీ అయితే, మోసమని రుజువు చేస్తే తప్ప ఆ సాకు చెల్లదు. రెండేండ్ల పాలసీకి ఆ రక్షణ లేదు.

కాబట్టి వరుస ఇది: ముందు సవరణ, తర్వాత క్లెయిమ్. కానీ పాలసీలో కాగితాలు దాఖలు చేసే గడువు ఎన్ని రోజులో చూసుకోండి. గడువు దగ్గర పడితే ఉన్న సమ్మరీతోనే పెట్టి, కవరింగ్ లెటర్‌లో "ఫలానా లైనులో తప్పుంది, సవరణ కోసం ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చినం" అని రాసి, దవాఖాన ముద్ర పడ్డ దరఖాస్తు జిరాక్స్ జత చేయండి. వాళ్లు క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) వేసినంక సవరణ తెస్తే క్వెరీ కోసం పుట్టించిన కాగితం లెక్క చూస్తరు. ముందే చెప్తే ఆ అనుమానం రాదు.

ఇంకొకటి సూటిగ చెప్తున్న. షుగర్ నిజంగనే పాతదైతే దిద్దించే ప్రయత్నమే వద్దు. పాత మందుల చీటీలు ఎక్కడో ఒక చోట దొరుకుతయి.

నక్కలగుట్ట వకీలు:
పైన చెప్పింది సరైనది. దిద్దుబాటు ఎట్ల కనిపించాలో కూడా తెలిసి ఉండాలి. చేతిరాత రికార్డులో తప్పు మీద ఒకే గీత, కింద ఉన్న పాత రాత చదవగలిగేటట్టు. పక్కన సరైన మాట, తేదీ, సమయం, సంతకం, పేరు. వైట్నర్ పూసినా, కొట్టి కొట్టి నల్లగ చేసినా, పేజీ చింపి కొత్తది పెట్టినా ఆ రికార్డుకు కోర్టులో విలువ పోతుంది. కంప్యూటర్ రికార్డు అయితే పాతది అట్లనే ఉంచి అనుబంధ నోట్ చేరుస్తారు, కొత్త ప్రింట్ మీద "సవరించిన ప్రతి" అని, సవరించిన తేదీ పడాలి.

యాక్సిడెంటు, కొట్లాట, విషం కేసులు వేరు. మెడికో లీగల్ రికార్డులో గాయాల వివరం, వచ్చిన టైము, ఎవరు తీసుకొచ్చారు అనేవి పోలీసుకు పంపిన కాగితంతో ముడిపడి ఉంటాయి. అక్కడ పేరు అక్షరం తప్పైనా డాక్టర్ అసలును ముట్టుకోరు, వేరే లేఖ రాసి పోలీసు స్టేషనుకు కూడా తెలియజేస్తారు. సవరించమని ఒత్తిడి పెట్టడం కూడా మీకే ఎదురు తిరుగుతుంది.

సిరిసిల్ల శీను:
మా దిక్కు ఇంకో తీరు తప్పు. ఆడవాళ్లు బీడీలు చేస్తరు కదా. డాక్టర్ అడుగుతడు, "బీడీల పని" అని చెప్తరు, హిస్టరీల "బీడీ స్మోకర్" అని పడుతది. ఊపిరితిత్తుల జబ్బుకు పోయిన మనిషికి ఇది మామూలు నష్టం కాదు. మొగోళ్లకేమో "కల్లు అప్పుడప్పుడు" అంటే "క్రానిక్ ఆల్కహాలిక్" అని రాస్తరు. ఇవి దిద్దుతరా? డాక్టర్ అభిప్రాయం అంటరేమో.

రికార్డు గది:
బాగ అడిగినవ్ శీనన్నా. ఇక్కడ రెండు ముక్కలు విడదీయాలె. బీడీలు చుట్టుడు, తాగుడు వేరువేరు విషయాలు. తాగదు అనేది వాస్తవం, అది దిద్దవచ్చు. సవరణలో "ధూమపానం లేదు; వృత్తి: బీడీలు చుట్టడం, ఇన్నేండ్లుగా" అని రాయించాలె. స్మోకర్ అన్న మాట తీసేయించి ఊరుకోవద్దు. పొగాకు దుమ్ము పీల్చుడు కూడా డాక్టర్‌కు పనికొచ్చే సమాచారమే. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే జిరాక్స్ ఆధారంగ పెట్టండి.

కల్లు విషయంలో "అస్సలు తాగడు" అని రాయమంటే ఏ డాక్టరూ రాయడు, రాయకూడదు కూడా. మీరు అడగాల్సింది కొలత. ఏం తాగుతడు, వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత, ఎన్నేండ్లుగా. "క్రానిక్ ఆల్కహాలిక్" అన్న ముద్ర పక్కన "వారానికి ఒకసారి, ఒక సీసా కల్లు" అని చేరితే చదివేటోడు తనే అర్థం చేసుకుంటడు. రోగ నిర్ధారణ తప్పని మీకనిపిస్తే మాత్రం దిద్దుబాటు దరఖాస్తు దారి కాదు. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకొని, ఆ కాగితాన్ని ఫైల్‌కు జత చేయమని అడగండి.

మైక్రోస్కోపు:
ల్యాబ్ రిపోర్టుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

ల్యాబ్‌లో పేరు తప్పు కంటే వయసు, ఆడ/మగ తప్పు ఎక్కువ ముంచుతది, ఎందుకంటే అది కంటికి ఆనదు. ఉదాహరణకు 55 ఏండ్ల మహిళ, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ 1.2. కౌంటర్‌లో పొరపాటున పురుషుడు అని నొక్కితే 2021 సీకేడీ-ఈపీఐ లెక్కలో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత పని చేస్తున్నదో చూపే అంకె) 71 దాకా వస్తది. మహిళ అని నొక్కితే అదే క్రియాటినిన్‌కు 53. అరవై కిందికి పోతే కిడ్నీ సంగతి చూడాలని డాక్టర్ ఆగుతడు, 71 చూస్తే పేజీ తిప్పుతడు. పరీక్షలో ఏ తప్పూ లేదు, రిజిస్ట్రేషన్‌లో ఒక్క నొక్కు తప్పు. హిమోగ్లోబిన్ నార్మల్ రేంజి కూడా ఇట్లనే మారుతది.

అందుకని రిపోర్టు దిద్దించేటప్పుడు పేరు పక్కన అక్షరాలు మార్చి ఊరుకోనియ్యకండి. లెక్క కట్టిన విలువలు, రేంజులు కూడా మళ్లీ వచ్చినయా చూడండి. పద్ధతిగ నడిచే ల్యాబ్ సవరించిన రిపోర్టు మీద అది సవరణ అని, మొదటి రిపోర్టు తేదీ ఏదని చూపిస్తది. మొదటి రిపోర్టు చూసి మందు రాసిన డాక్టర్‌కు కూడా తెలియజేయాలె. ల్యాబ్ చెప్తదని నమ్మి కూర్చోకండి, మీరే తీసుకపోయి చూపించండి.

ఇంకా, యూనిట్లు. గల్ఫ్ నుంచి తెచ్చుకున్న రిపోర్టుల్లో షుగర్ మిల్లీమోల్‌లో ఉంటది, దాన్ని 18తో గుణిస్తే మన మిల్లీగ్రాములు వస్తయి. క్రియాటినిన్ మైక్రోమోల్‌లో 88 అంటే మన దగ్గర సుమారు 1. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు క్లినిక్కుల్లో ఈ 88ని అట్లనే ఎక్కిస్తే చూసేటోడి గుండె ఆగుతది.

శాంపిల్ మారిందని అనుమానం ఉంటే అది దిద్దుబాటు కాదు, మళ్లీ రక్తం ఇచ్చి చేయించాల్సిందే. ఫలితం మనిషికి, మందులకు, పాత రిపోర్టులకు పొంతన లేనప్పుడు ఆ రోజే ల్యాబ్‌కు ఫోన్ చేయండి. పాత శాంపిల్ ఎక్కువ రోజులు పెట్టరు. బ్లడ్ గ్రూప్ రెండు కాగితాల్లో రెండు తీర్లుంటే ఏది కరెక్టో ఊహించకండి, కొత్తగ చేయించండి. రక్తం ఎక్కించేముందు ఎట్లాగూ క్రాస్ మ్యాచ్ (రక్తం కుదురుతదా చూసే పరీక్ష) చేస్తరు గని, కార్డు మీద తప్పు గ్రూప్ పెట్టుకొని తిరుగుడు మంచిది కాదు.

తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పోయే శాంపిల్స్‌లో ఎక్కువగ చూసే గోస ఫోన్ నంబర్. ఒక అంకె తప్పైతే మీ రిపోర్టు మెసేజ్ ఇంకెవరికో పోతది. శాంపిల్ తీసిన పీహెచ్‌సీలోనే చెప్పి మార్పించాలె.

మందుల షాపు:
మందుల లిస్టులో తప్పు అన్నిటికంటే అర్జెంట్. దానికి దరఖాస్తు, 72 గంటలు అని కూర్చోవద్దు. మొదటి డోసు మింగకముందే వార్డుకు ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడాలె.

రెండు మందులు ప్రత్యేకంగ చూసుకోండి. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. సమ్మరీలో రోజుకు ఒకటి అని పడితే ప్రాణం మీదికి వస్తది. థైరాక్సిన్ మైక్రోగ్రాముల్లో ఉంటది, మిల్లీగ్రాములని టైప్ అయిన చీటీలు వస్తనే ఉంటయి. దాన్ని షాపులో పట్టుకుంటం గని సమ్మరీలో అట్లనే మిగిలి తర్వాతి దవాఖానకు పోతది.

ఎలర్జీ కూడా. పెన్సిలిన్ పడదు అనేది సమ్మరీలో లేకపోతే చేర్పించాలె, కేస్ షీట్ ముందు పేజీ మీద కూడా. ఏ మందుకు, ఎప్పుడు, ఏమైంది (దద్దుర్లా, ఊపిరి ఆడలేదా, ఉత్త వాంతులా) రాయించండి. వాంతులు ఎలర్జీ కాదు, సైడ్ ఎఫెక్ట్. అది ఎలర్జీ కింద పడితే రేపు అవసరమైన మందు కూడా ఇయ్యరు. పడ్డ ఎలర్జీ ముద్ర తీసేయించుడు మాత్రం డాక్టర్ పరీక్షించి తేల్చాల్సిన పని, మన మాట మీద తీసేయరు.

ఏఎన్ఎం అక్క, జమ్మికుంట:
సర్కారు దిక్కు సంగతి జర చెప్త. ముప్పై ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్ స్క్రీనింగ్ చేసి ఆన్‌లైన్‌ల ఎక్కిస్తం. ఒక్కసారి బీపీ ఎక్కువ రాంగనే పేషెంట్ అని పడిపోతది కొన్నిసార్లు. ఉరుక్కుంట వచ్చి కూసున్న మనిషికి ఎక్కువనే చూపిస్తది. వేరే రోజు మళ్లీ చూపించుకొని నార్మల్ వస్తే మెడికల్ ఆఫీసర్ సార్‌కు చెప్పాలె. మాతోని గాదు, సార్ చూసి నిర్ధారణ లేదు అంటెనే మారుతది. మందుల కిట్ వస్తుందని ఊరుకుంటే ఆ పేరు అట్లనే నడుస్తది.

ఇంట్ల అందరికీ ఒక్కటే ఫోన్ నంబర్ ఇస్తరు. అత్త షుగర్ కోడలి పేరు మీద, కోడలి బీపీ అత్త పేరు మీద పడుతయి. పేరు ఒక్కటే ఉంటె మరీ. ఎక్కించేటప్పుడే వయసు, ఆధార్ సూస్కోమని అడగుండ్రి.

ఆడబిడ్డలకు ఇంటిపేరు లొల్లి. ఆధార్‌ల పుట్టింటి పేరు, రేషన్ కార్డుల అత్తింటి పేరు, దవాఖాన చీటీల ఉత్త పేరు.

రికార్డు గది:
అక్క చెప్పిన ఇంటిపేరు సమస్య ఆరోగ్యశ్రీలో బాగ అడ్డం పడుతది. కార్డు మీద పేరు, ఆధార్ పేరు, వయసు పొంతన లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరనే ఆగుతది. దవాఖాన రికార్డు దిద్దినా లాభం లేదు, ఆహార భద్రత కార్డులోనో, ఆధార్‌లోనో తప్పు ఏది అయితే దాన్ని మీసేవ, ఆధార్ కేంద్రం ద్వారా మార్చుకోవాలె. ఎమర్జెన్సీ అయితే దవాఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రకు రెండు కార్డులూ చూపించి ఏం దారి ఉందో అడగండి. చికిత్స వివరం తప్పుంటే (కుడి మోకాలుకు బదులు ఎడమ అని, ప్యాకేజీ వేరేదని) పేషెంటు నేరుగ మార్చలేడు. క్లెయిమ్ పంపకముందే దవాఖానతోనే మార్పించాలె. వినకపోతే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు దవాఖానల్లో దరఖాస్తు సూపరింటెండెంట్ పేరు మీద రాసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ జిరాక్స్ మీద ముద్ర, నంబర్, తేదీ వేయించుకోండి. వార్డులో చేతికిచ్చిన కాగితం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)ను కలిస్తే పని త్వరగ కదులుతది. ఐపీ నంబర్ (చేరినప్పుడు ఇచ్చే నంబర్), చేరిన తేదీ, యూనిట్ పేరు లేకుండ మాత్రం పోకండి. ఉత్త పేరుతో పాత కేస్ షీట్ వెతుకుడు అంటే రోజంతా పోయినట్టే.

కాశిబుగ్గ:
సరే, నా మాట వెనక్కి. ఆభా కార్డు (డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంగతేంది మరి? అండ్ల తప్పు పడితే ఢిల్లీకి రాయాల్నా?

రికార్డు గది:
ఢిల్లీకి అక్కర్లేదు. ఆ 14 అంకెల నంబర్ కింద రిపోర్టులు దాచిపెట్టిన పెట్టె ఏదీ ఉండదు. రిపోర్టు ఏ దవాఖాన తయారు చేసిందో అక్కడనే ఉంటది, మీరు ఒప్పుకుంటే వేరే డాక్టర్‌కు కనిపిస్తది. కాబట్టి తయారుచేసిన చోటనే దిద్దించాలె. పేరు, పుట్టిన తేదీ తప్పైతే ఆధార్ నుంచి వచ్చినయి, ఆధార్ మార్చినంక ఆభాలో మళ్లీ కేవైసీ చేయాలె. ఇంకొకరి రిపోర్టు మీ ఆభాకు లింకైతే ఆ దవాఖాన ఐటీ వాళ్లతోని లింక్ తీయించండి, అప్పటిదాకా ఎవరికైనా చూసే అనుమతి ఇచ్చి ఉంటే యాప్‌లో రద్దు చేయండి. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న కాపీలు మాత్రం వెనక్కి రావు.

దరఖాస్తు నమూనా అడిగిన్రు కదా, ఇది వాడుకోండి:

మెడికల్ సూపరింటెండెంట్ గారికి,
విషయం: డిశ్చార్జ్ సమ్మరీలో తప్పు నమోదు, సవరణ కోరుతూ.
పేషెంటు పేరు, వయసు, యూహెచ్ఐడీ (దవాఖాన పేషెంటుకు ఇచ్చిన నంబర్), ఐపీ నంబర్, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, కన్సల్టెంట్ పేరు.
సమ్మరీ ఫలానా పేజీ, ఫలానా శీర్షిక కింద, ఫలానా లైనులో ఇట్లా ఉన్నది: (ఉన్నది ఉన్నట్టు రాయాలి). ఉండవలసినది: (ఒకే వాక్యం). ఆధారాలు: (తేదీలతో, జిరాక్స్ జతపరచి).
పాత నమోదును తొలగించమని కోరడం లేదు. సవరణను తేదీ, సమయం, డాక్టరు గారి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో చేర్చి, సవరించిన సమ్మరీ ఇప్పించగలరు. సవరణ కుదరదని భావిస్తే కారణం రాతపూర్వకంగా తెలిపి, ఈ దరఖాస్తును కేస్ షీటుతో జతపరచగలరు.

ఒక దరఖాస్తులో ఒక్క దవాఖాన, ఒక్క అడ్మిషన్. తప్పులు మూడుంటే మూడూ రాయండి గని బిల్లు ఎక్కువైంది, నర్సు కసురుకుంది అనేవి ఇందులో కలపకండి. ఆ ఒక్క లైను పట్టుకొని ఇది ఫిర్యాదు అని పీఆర్వో టేబుల్‌కు పంపిస్తరు, దిద్దుబాటు అక్కడనే ఆగుతది.

క్లెయిమ్ డెస్క్:
నమూనా బాగుంది. బీమాకు పనికొచ్చే డాక్టర్ లేఖలో "పది నెలలు అని చదువుకోగలరు" అంటే సరిపోదు. ఏ ఆధారం చూసి అట్ల అంటున్నరో ఉండాలి: ఫలానా తేదీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), మొదటిసారి మందు రాసిన చీటీ, అంతకుముందు నార్మల్ షుగర్ ఉన్న రిపోర్టు ఏదైనా. ఆఖరిదే చాలా బలమైనది. ఏడాదిన్నర కింద ఏదో జ్వరానికి చేయించిన రక్త పరీక్షలో షుగర్ నార్మల్ ఉందనుకోండి, 10-12 ఏండ్లు అన్న మాట అక్కడనే కూలిపోతది. ఇంట్లో పాత ఫైళ్లు వెతకండి.

లేఖ దవాఖాన లెటర్‌హెడ్ మీద ఉండాలి. డాక్టర్ ప్రైవేట్ క్లినిక్ ప్యాడ్ మీద రాస్తే వెనక్కి పంపుతరు.

హసన్‌పర్తి అమ్మ:
బాబు పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు తప్పు. కార్పొరేషన్ వాళ్లు దవాఖానకు పొమ్మంటరు, దవాఖాన వాళ్లు కార్పొరేషన్‌కు.

నక్కలగుట్ట వకీలు:
అమ్మా, ముందు దవాఖాన వాళ్లు కార్పొరేషన్‌కు పంపిన జనన రిపోర్టులో ఏముందో చూడాలి. అందులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పైతే కార్పొరేషన్ జనన మరణ విభాగమే దిద్దాలి. రిపోర్టులోనే తప్పైతే దవాఖాన నుంచి సరైన పేరుతో లేఖ, ఆ కాన్పు కేస్ షీట్ మొదటి పేజీ, మీ ఆధార్ కావాలి. 1969 చట్టం సెక్షన్ 15 ప్రకారం రిజిస్ట్రార్ అసలు నమోదును ముట్టుకోకుండా మార్జిన్‌లో సరిదిద్ది, సంతకం, తేదీ వేస్తారు.

ఇక దవాఖాన అసలే కదలకపోతే ఏం చేయాలన్నది. సర్కారు దవాఖాన అయితే సమాచార హక్కు కింద కేస్ షీట్ కాపీ తీసుకోవచ్చు, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఆ చట్టం కాపీ ఇప్పిస్తుంది గాని దిద్దించదు, అది గుర్తుంచుకోండి. ప్రైవేటు అయితే జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి డీఎంహెచ్‌ఓకు రాయండి. 72 గంటల్లో రికార్డు ఇవ్వని డాక్టర్ మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. డబ్బు నష్టం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖాన మీద ఆ కేసు నడవదు. బీమా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు, నెల గడిచినా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, దానికి రుసుము లేదు.

2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం సెక్షన్ 12లో తప్పు సమాచారం దిద్దించుకునే హక్కు ఉంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ హక్కుల భాగానికి అక్కడి నుంచి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఆ గడువు దాటేదాకా దరఖాస్తులో ఆ సెక్షన్ రాసి బెదిరిస్తే పని కాదు.

మెడికో లీగల్ కానివి పాత రికార్డులు వెతికేవాళ్లకు ఒక మాట: డాక్టర్లు రికార్డులు ఉంచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం 3 ఏళ్లు. ఆ తర్వాత లేవంటే ఏమీ చేయలేం.

పరకాల పోరడు:
కేస్ షీట్ జిరాక్స్ చేతికొచ్చింది. హిస్టరీ పేజీల డ్యూటీ డాక్టర్ రాసింది "షుగర్, 10/12" అని. పక్కన ఏం లేదు. నర్సుల పేజీల "ఈ మధ్యనే మొదలైన షుగర్" అని ఉంది.

రికార్డు గది:
తేలిపోయింది తమ్మీ. డాక్టర్లు రాసే పొట్టి రాతలో కింద 12 ఉంటే నెలలు, 52 ఉంటే వారాలు, 7 ఉంటే రోజులు. 10/12 అంటే పది నెలలు. సమ్మరీ టైప్ చేసినోళ్లు దాన్ని 10 నుంచి 12 ఏండ్లు అని చదివిన్రు. కేస్ షీట్ ముట్టాల్సిన పనే లేదు, సమ్మరీ ఒక్కటి మారితే చాలు.

దరఖాస్తులో ఆ పేజీ నంబర్ రాసి, 10/12 కింద పెన్సిల్‌తో గీత పెట్టిన జిరాక్స్, నర్సుల పేజీ జిరాక్స్ రెండూ జత చేయి. అసలు పేజీ మీద గీత పెట్టకు. కన్సల్టెంట్ ఓపీ అయిపోయినంక పో, ముందు పోతే నిలబడి వినడు.

పరకాల పోరడు:
సరే అన్నా. పాత సమ్మరీ వాపస్ ఇయ్యమంటే ఇయ్యాల్నా?

క్లెయిమ్ డెస్క్:
ఇచ్చినా జిరాక్స్ ఉంచుకో. క్లెయిమ్‌లో పాతది, సవరించినది, హిస్టరీ పేజీ మూడూ ఒకే పిన్నుకు పెట్టి పంపు. క్యాష్‌లెస్ ప్రయత్నించి ఉంటే పాత ప్రతి వాళ్ల దగ్గర ఎట్లాగూ ఉంటది. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పోర్టల్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు రెండూ "డిశ్చార్జ్ సమ్మరీ" అనే పేరుతోనే పెట్టకు, రెండోదానికి "సవరించిన డిశ్చార్జ్ సమ్మరీ" అని తేదీతో పేరు పెట్టు. లేకపోతే మొదటిదే తెరిచి చూసి క్వెరీ వేస్తరు.